జిల్లా దాటకుండా ఇంటర్న్‌షిప్ వెతుక్కోవడం, దానిని సక్రమంగా పూర్తి చేయడం ఎలా?

నాలుగో సెమిస్టర్ పరీక్షలు ముగిసే వారంలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల డిగ్రీ కళాశాలల్లో తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది: ‘సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారు, మాస్టారూ?’ పని ఎక్కడ దొరుకుతుందని అడిగేవారు తక్కువ. ఈ వ్యాసం ఆ తక్కువ మంది కోసం. మొదటి ప్రశ్న అడిగేవారిలో కొందరైనా రెండో ప్రశ్న వైపు తిరుగుతారన్న ఆశ కూడా లేకపోలేదు.

ముందుగా నిబంధన తెలుసుకోండి. 2020–21 విద్యా సంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మూడేళ్ల డిగ్రీలో మొత్తం పది నెలల క్షేత్రానుభవాన్ని తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తరువాత వేసవిలో సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తరువాత వేసవిలో స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, ఐదు లేదా ఆరో సెమిస్టర్‌లో పూర్తికాల ఇంటర్న్‌షిప్ అన్నది ఆ పథకం స్వరూపం. తరువాతి బ్యాచ్‌లకు గంటలు, క్రెడిట్లు మారి ఉండవచ్చు కనుక సీనియర్ల మాట మీద ఆధారపడకుండా మీ బ్యాచ్‌కు వర్తించే ఉత్తర్వును కళాశాల ఇంటర్న్‌షిప్ సమన్వయకర్త దగ్గర చదివి, అవసరమైన భాగాన్ని రాసుకోండి.

ఇక్కడే ఒక అపోహను తొలగించాలి. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం నెలకు 5,000 రూపాయలు ఇస్తుందని విని చాలా మంది విద్యార్థులు ఆశపడ్డారు. కానీ ఆ పథకం ప్రారంభ నిబంధనల ప్రకారం పూర్తికాల చదువులో ఉన్నవారు అర్హులు కారు. 21 నుంచి 24 ఏళ్ల వయసులో ఉండి, అప్పటికే చదువు ముగించినవారి కోసం దానిని ఉద్దేశించారు. ఇంజినీరింగ్ విద్యార్థులు మాత్రం ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ఇంటర్న్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసుకోవడం మంచిది. అందులో నమోదుకు రుసుము లేదు.

రెండో పని, చోటు వెతకడం. చాలామంది చూపు నేరుగా విశాఖపట్నం మీదికి పోతుంది. అక్కడ గది అద్దె, భోజనం ఖర్చు పెట్టుకుని జీతం లేని ఇంటర్న్‌షిప్ చేయడం ఎన్ని కుటుంబాలకు సాధ్యమో ఆలోచించండి. దానికి బదులు ఒక కాగితం మీద మీ ఇంటి నుంచి గంటన్నరలో బస్సు మీదో రైలు మీదో చేరగల ఊళ్లన్నీ రాసి, ఒక్కో ఊరి పక్కన అక్కడ జరిగే పని రాయండి. రసాయన శాస్త్రం చదివేవారికి రణస్థలం మండలంలోని పైడిభీమవరం మందుల పరిశ్రమలు, యంత్రాల మీద ఆసక్తి ఉన్నవారికి బొబ్బిలి గ్రోత్ సెంటర్ (పారిశ్రామిక వాడ), వృక్షశాస్త్రం వారికి రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం కనిపిస్తాయి. చరిత్ర, అర్థశాస్త్రం వారికి ఖాదీ నేసే పొందూరు ఉంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి సన్న నూలు వడికే ఆ పనిలో ఒక మహిళకు రోజుకు ఎంత గిడుతుందో, ఆ ఖాదీ ధర కొనుగోలుదారు దగ్గరకు వచ్చేసరికి ఎలా పెరుగుతుందో లెక్క తీస్తే రెండు నెలలూ చాలవు.

వాణిజ్య శాస్త్ర విద్యార్థుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ‘మాకు ఆడిటర్ ఆఫీసు తప్ప దారి లేదు’ అని ముందే నీరుగారిపోయేది వారే. పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు పరిశ్రమను చూడండి. పిక్కలను రైతు దగ్గర 80 కిలోల బస్తా లెక్కన కొంటారు. పప్పును గింజల పరిమాణాన్ని బట్టి 180, 210, 240, 320 అంటూ గ్రేడ్లుగా అమ్ముతారు. ఒక పౌండు, అంటే సుమారు 454 గ్రాముల తూకానికి దాదాపు ఎన్ని గింజలు వస్తాయో చెప్పేవే ఆ సంఖ్యలు. సంఖ్య తగ్గిన కొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. ఒక బస్తా పిక్కల నుంచి ఏ గ్రేడు ఎంత దిగింది, ముక్కలుగా ఎంత పోయింది, ఒలిచినందుకు కూలి ఎంత, పొట్టు, తొక్క అమ్మితే వచ్చింది ఎంత అన్నది పది బస్తాలకు వరుసగా లెక్క కడితే, మీ కాస్ట్ అకౌంటింగ్ పుస్తకంలోని ఉమ్మడి ఉత్పత్తులు, ఉప ఉత్పత్తుల అధ్యాయం మొత్తం కళ్లముందు నడుస్తుంది. నా దృష్టిలో మంచి ఇంటర్న్‌షిప్ అంటే ఇదే. సంస్థ పేరు ఎంత పెద్దదన్నదాని కంటే, అక్కడి పనిని మీ పాఠంతో ఎంత కలపగలిగారన్నది ముఖ్యం.

అడగడానికి సంక్రాంతి సరైన సమయం. పైడిభీమవరంలో, విశాఖలో పనిచేసే మీ ఊరివారు పండుగకు ఇంటికి వస్తారు కనుక, ఏ విభాగంలో ఎవరిని కలవాలో వారినే అడగండి. ఫిబ్రవరిలో కళాశాల నుంచి పరిచయ లేఖ తీసుకోండి. అందులో మీ కోర్సు, కావలసిన తేదీలు, ఎన్ని గంటలు పనిచేయాలి, మార్గదర్శక అధ్యాపకులు ఎవరు అన్న నాలుగు విషయాలు ఉంటే చాలు. పెద్ద పరిశ్రమలకు ఆ లేఖను మానవ వనరుల విభాగానికి మెయిల్‌లో పంపి, వారం తరువాత ఫోన్ చేయాలి. మిల్లులకు, దుకాణాలకు స్వయంగా వెళ్లాలి. ‘మా దగ్గర ఏటుంది బాబూ నేర్చుకోడానికి?’ అని యజమాని నవ్వితే అది కాదనడం కాదు. ‘మీ స్టాకు రిజిస్టరు రెండు నెలలు నేను రాసి పెడతానండీ, సరుకు వచ్చినప్పుడు తూకం దగ్గర ఉంటాను’ అని స్పష్టంగా చెప్పండి. ఏదైనా నేర్పమని అడిగితే ఆయనకు అదనపు భారం. ఫలానా పని చేస్తానంటే సాయం. కనీసం ఆరు చోట్ల అడగండి, రెండు చోట్ల నుంచి జవాబే రాకపోవచ్చు.

డబ్బు కట్టమనే చోట ఆగండి. ఒకసారి నా దగ్గరికి వచ్చిన నివేదికలు నాలుగింటిలో ఒకే వాక్యాలు, ఒకే అక్షరదోషాలు కనిపించాయి. ఆరా తీస్తే, ఒక ఆన్‌లైన్ సంస్థ ఒక్కొక్కరి దగ్గర రెండు వేల రూపాయలు తీసుకుని సర్టిఫికెట్‌తో పాటు నివేదిక కూడా పంపిందని తేలింది. మౌఖిక పరీక్షలో ‘మీ పర్యవేక్షకుడు ఎవరు?’ అన్న మొదటి ప్రశ్నకే నలుగురూ తలలు దించుకున్నారు. రిజిస్ట్రేషన్, డిపాజిట్, శిక్షణ రుసుము పేరుతో ముందే డబ్బు అడిగేవారిని, మీ ఆధార్, బ్యాంకు వివరాలను వాట్సాప్‌లో పంపమనేవారిని నమ్మకండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయండి.

చేరిన మొదటి రోజే మూడు విషయాలు తేల్చుకోవాలి: ఎవరి కింద పనిచేస్తారు, రోజుకు ఎన్ని గంటలు, మీరు తాకకూడనివి ఏవి. కర్మాగారంలో అయితే భద్రతా సూచనల తరగతి వినకుండా లోపలికి వెళ్లకండి. చెప్పులతో రావద్దంటే బూట్లు కొనుక్కోవాల్సిందే. పైడితల్లమ్మ సిరిమానోత్సవం లాంటి రోజుల్లో సెలవు కావాలంటే ముందే అడగండి, చెప్పకుండా మానేయకండి.

రోజువారీ నమోదు విషయంలోనే ఎక్కువ మంది దెబ్బతింటారు. మందుల పరిశ్రమలో ‘రాయని పని జరగని పనే’ అన్న కట్టుబాటు ఉంది. ఇంటర్న్‌షిప్ పుస్తకానికీ దానినే పాటించండి. తిరుగు బస్సులో కూర్చున్నప్పుడే ఆ రోజు చేసింది, నేర్చుకున్నది, అర్థం కానిది అని మూడు వాక్యాలు రాయండి. ‘స్టాకు చూశాను’ అని రాస్తే ఉపయోగం లేదు. ‘ఈ రోజు 14 బస్తాలు దిగాయి, రెండింటిలో తేమ ఎక్కువగా ఉందని వెనక్కి పంపారు, తేమను చేత్తో ఎలా పట్టారో తెలియలేదు’ అని రాస్తే మర్నాటి ప్రశ్న దానంతటదే తయారవుతుంది. సంతకాలను ప్రతి శనివారం పెట్టించుకోండి. ఆఖరి రోజున అరవై సంతకాలు పెట్టమంటే ఏ మేనేజరుకైనా విసుగే.

నివేదికను చివరి రెండు వారాల్లో, అక్కడ ఉండగానే రాయడం మొదలుపెట్టండి, ఎందుకంటే తప్పిన అంకెను అప్పుడే అడిగి సరిచేసుకోగలరు. సంస్థ ధరలు, కొనుగోలుదారుల పేర్లు వంటివి వారి అనుమతి లేకుండా అచ్చు వేయకండి. సర్టిఫికెట్ చేతికి రాగానే మీ పేరు స్పెల్లింగ్, మొదటి, చివరి తేదీలు, గంటలు, సంతకం కింద హోదా, ముద్ర సరిచూసుకుని, తప్పు ఉంటే అక్కడే కూర్చుని మార్పించుకోండి. నివేదిక మూడు ప్రతులు తీయించి, ఒకటి కళాశాలకు, ఒకటి మీకు, మూడోది మీకు పని నేర్పిన యజమానికి స్వయంగా తీసుకెళ్లి ఇవ్వండి.