ఇథియోపియాలో తేదీని, గడియారాన్ని చదవడం ఎలా

ఇథియోపియా విశ్వవిద్యాలయంలో కొలువుకు చేరే తెలుగు అధ్యాపకుడికైనా, అక్కడి నుంచి సరుకు తెప్పించుకొనే వ్యాపారికైనా, ఆ దేశ చరిత్ర చదివే విద్యార్థికైనా ముందుగా పట్టుబడవలసినది అక్కడి తేదీ. మన లెక్కకు అది ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తుంది. క్రీస్తు అవతరణ కాలాన్ని 5వ శతాబ్దిలో అలెగ్జాండ్రియాకు చెందిన అన్నియానస్ గణించిన తీరును ఇథియోపియా సనాతన చర్చి నిలుపుకొన్నది. ఐరోపా ఆ తరువాతి శతాబ్దిలో వచ్చిన వేరొక గణనను అనుసరించింది. ఇథియోపియా తన 2000వ సంవత్సరాన్ని 2007 సెప్టెంబరు 12న వేడుకగా ఆహ్వానించడానికి కారణం ఇదే.

సంవత్సరాన్ని మార్చుకోవడం తేలిక. కొత్త సంవత్సరం మెస్కెరెమ్ నెల 1వ తేదీన, అంటే మామూలుగా సెప్టెంబరు 11న మొదలవుతుంది. ఆనాటి నుంచి డిసెంబరు చివరి వరకు ఇథియోపియా సంవత్సరానికి 7, జనవరి నుంచి 8 కలపాలి.

నెలల దగ్గర కొంచెం ఓపిక కావాలి. పన్నెండు నెలలకు సరిగ్గా 30 రోజుల చొప్పున ఉంటాయి. మిగిలిన అయిదారు రోజులు పాగుమే అనే పదమూడో నెల. కనుక ప్రతి నెలా ఎప్పుడు మొదలవుతుందో గుర్తుంచుకుంటే చాలు: మెస్కెరెమ్ సెప్టెంబరు 11న, తికిమ్త్ అక్టోబరు 11న, హిదార్ నవంబరు 10న, తాహ్సాస్ డిసెంబరు 10న, తిర్ జనవరి 9న, యెకాతిత్ ఫిబ్రవరి 8న, మెగాబిత్ మార్చి 10న, మియాజియా ఏప్రిల్ 9న, గింబోత్ మే 9న, సెనే జూన్ 8న, హమ్లే జూలై 8న, నెహసే ఆగస్టు 7న, పాగుమే సెప్టెంబరు 6న. ఆ తేదీకి కావలసిన రోజులు కలిపి, అందులోంచి ఒకటి తీసివేయాలి. ఆహ్వానపత్రికలో మియాజియా 12, 2016 అని ఉంటే ఏప్రిల్ 9కి 11 కలిపి ఏప్రిల్ 20 అనీ, 2016కు 8 కలిపి 2024 అనీ తేల్చుకోవచ్చు.

ఇందులో ఒక మెలిక ఉన్నది. అక్కడ నాలుగేళ్ల చక్రంలోని సంవత్సరాలను మత్తయి, మార్కు, లూకా, యోహానుల పేర్లతో పిలుస్తారు. లూకా సంవత్సరంలో పాగుమేకు ఆరు రోజులు ఉంటాయి కనుక, దాని తరువాతి కొత్త సంవత్సరం సెప్టెంబరు 12న వస్తుంది. ఆ ఒక్క రోజు తేడా మన ఫిబ్రవరి 29 దాకా సాగి అక్కడ సర్దుకుంటుంది. ఇథియోపియా లెక్కలో 2015 లూకా సంవత్సరం కాబట్టి, మెస్కెరెమ్ 17న జరిగే మెస్కెల్ పండుగ 2023లో సెప్టెంబరు 28న వచ్చింది. నాలుగుతో భాగిస్తే 3 మిగిలే సంవత్సరాలన్నీ ఇటువంటివే.

పాత తేదీలకు ఈ పట్టికను గుడ్డిగా వాడకూడదు. ఇథియోపియా చక్రవర్తి రెండవ మెనెలిక్ సేనలు అద్వా వద్ద ఇటలీని ఓడించినది యెకాతిత్ 23, 1888న. అది 1896 మార్చి 1. విజయోత్సవాన్ని నేడు జరుపుకొనేదీ యెకాతిత్ 23ననే, కాని మన క్యాలెండరులో అది మార్చి 2. 1900లో మన క్యాలెండరుకు ఫిబ్రవరి 29 లేకపోవడం వల్ల ఈ తేడా వచ్చింది. అడిస్ అబాబాలో యెకాతిత్ 12 పేరిట ఒక కూడలి, స్మారక స్తంభం ఉన్నాయి. 1937 ఫిబ్రవరి 19న ఇటలీ వైస్రాయి గ్రాజియానీపై హత్యాయత్నం జరిగాక ఇటలీ సైన్యం సాగించిన ఊచకోతకు ఆ తేదీ గుర్తు. తేదీలే వీధుల పేర్లయిన చోట క్యాలెండరు తెలియనివారికి చరిత్ర సగమే అర్థమవుతుంది.

ఆర్థిక గణాంకాలు చదివేవారు మరొకటి గమనించాలి. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం హమ్లే 1న మొదలై సెనే 30న ముగుస్తుంది. కాఫీ ఎగుమతులు 2016లో ఇంత అని అక్కడి ప్రభుత్వ నివేదికలో ఉంటే, అది 2023 జూలై 8 నుంచి 2024 జూలై 7 వరకు జరిగిన లెక్క. ఇంగ్లీషు పత్రాల్లో తేదీ పక్కన ఇ.సి. అని ఉంటే ఇథియోపియా లెక్క, జి.సి. అని ఉంటే మన లెక్క. ఆ రెండక్షరాలూ లేని పత్రంపై సంతకం చేసే ముందు అడిగి తెలుసుకోవడమే మంచిది.

ఇక గడియారం. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారినట్టే, అక్కడ గంటల లెక్క కూడా పొద్దు పొడుపుతో మొదలవుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న దేశం కావడంతో ఏడాది పొడుగునా సూర్యోదయం ఉదయం ఆరు గంటల అటూ ఇటూనే ఉంటుంది. అందువల్ల ఈ పద్ధతి చక్కగా నడుస్తున్నది. మన ఉదయం ఏడు వారికి ఒంటి గంట, మన మధ్యాహ్నం పన్నెండు వారికి ఆరు, సాయంత్రం ఏడు రాత్రి ఒంటి గంట. వారు చెప్పిన గంటకు ఆరు కలిపితే సరిపోతుంది. ముళ్ల గడియారమైతే చిన్న ముల్లుకు సరిగ్గా ఎదుట ఉన్న అంకెను చదవాలి. విమాన టిక్కెట్లపై అంతర్జాతీయ సమయమే ఉంటుంది కాని, ఊళ్ల మధ్య తిరిగే బస్సు మూడింటికి అంటే తొమ్మిదికి బయలుదేరుతుందనే అర్థం. విదేశీయుడని చూసి కొందరు తామే ఆరు కలిపి చెబుతారు. అక్కడే అసలు చిక్కు. అందుకే ఎవరు సమయం చెప్పినా ‘హబెషా లెక్కా, ఫెరెంజ్ లెక్కా’ అని, అంటే స్థానిక లెక్కా, విదేశీ లెక్కా అని, వెంటనే అడగాలి. అక్కడివారు కూడా తమలో తాము ఈ ప్రశ్న వేసుకుంటారు కాబట్టి ఎవరూ తప్పు పట్టరు.