లోడర్ బకెట్‌కి టూత్ బార్ – నా అనుభవం

ఆనందపురం దగ్గర మా తోటలో నేలంతా ఎర్ర గ్రావెల్, ఎండాకాలం వచ్చిందంటే బండలా బిగుసుకుపోద్ది, మా చిన్న ట్రాక్టర్ లోడర్ బకెట్ ఎంత నొక్కినా ముందు చక్రాలు పైకి లేచేవి తప్ప మట్టి కదిలేది కాదు. అందుకే ఆటోనగర్‌లో టూత్ బార్, అంటే బకెట్ అంచుకి ఆనించి రెండు పక్కలా బోల్టులతో బిగించే పళ్లున్న ఇనుప పట్టీ, చేయించా. బార్ పొడవుకి కొలత బకెట్ లోపల, అంచు దగ్గరే తియ్యండి.

మొదట నేను చేసిన తప్పేంటంటే, బార్‌కీ బకెట్ అంచుకీ మధ్య వేలు దూరేంత సందు ఉండగానే రెండు పక్కలా కన్నాలు వేసేశా, వారానికే బోల్టులు వంగిపోయాయి, అంచు మీద పడాల్సిన బరువంతా వాటి మీదే పడింది మరి. పాత కన్నాలు వెల్డింగ్‌తో పూడ్పించి, ఈసారి బార్‌ని అంచుకి ఆనేదాకా సుత్తితో కొట్టి, క్లాంపులు బిగించి అప్పుడు మార్కు పెట్టా. ముందు 5 ఎంఎం బిట్, తర్వాత పెద్దది, స్పీడు తగ్గించి నూనె చుక్కలు వేస్తుంటే ఇనుప తురుము చుట్టలు చుట్టలుగా వచ్చింది, పొగ వస్తే మాత్రం ఆపెయ్యండి, బిట్ మాడిపోద్ది.

షాపులో బార్‌ని వెల్డింగే చేసెయ్యమన్నారు, నేను వద్దన్నా, చదును చేసేటప్పుడు పళ్లు తియ్యకపోతే నేలంతా చాళ్లు పడతాయి కదా.

ఇప్పుడు గ్రావెల్ పెళ్లలు పెళ్లలుగా లేస్తోంది. మొదటిరోజు పనయ్యాక బోల్టులు మళ్లీ బిగించండి, నావి అర చుట్టు తిరిగాయి.