బాండికూట్ మన పందికొక్కే

పిల్లలకు ఇంగ్లిష్ మాట గుర్తుండకపోతే దాని పుట్టుక చూపించండి. డిక్షనరీలో అర్థం దగ్గరే చిన్న అక్షరాల్లో ఏ భాషదో ఉంటుంది, మనమే చదవం.

మా కోవూరు వైపు వరి గెనిమ పక్కన బొరియ, దాని ముందు కుప్పగా కొత్త మట్టి కనిపిస్తే ఎవరి పనో అడగక్కర్లేదు. ఆ పందికొక్కే ఇంగ్లిష్‌లో ‘బాండికూట్’ అయింది. మావాడు ఇది విన్నాక స్పెల్లింగ్ తప్పలేదు.

ఆస్ట్రేలియాలో మాత్రం ఆ పేరు వేరే జంతువుది. కంగారూలా పిల్లల్ని సంచిలో మోస్తుంది, ఎలుక జాతే కాదు. అక్కడ ‘బాండికూట్ చేయడం’ అనే వాడుక కూడా ఉంది: పైన మొక్క కదలకుండా కింద ఉర్లగడ్డలు లాగేయడం. మన వేరుశనగ చేలో జరిగేదీ అదేగా!