వరి తుకంమడిలో ఆకు చుట్టుకుంటే లోపం విత్తనానిదా, నేలదా?

దేవరకొండ, అచ్చంపేట వైపు చల్కల్లో (ఎర్ర ఇసుక నేలల్లో) బోరు ఆగిన నాలుగైదు రోజులకే నారు ఆకులు సూదుల్లా చుట్టుకుంటాయి. మధ్యాహ్నం చుట్టుకుంటే కంగారొద్దు, ఆకు తన నీళ్లు తాను కాపాడుకుంటోంది. పొద్దున ఆరింటికి చూడండి. అప్పటికీ విప్పుకోకపోతేనే వేరుకు నీళ్లు అందట్లేదన్నట్టు.

పక్కపక్క మొక్కల్లో ఒకటి వాడి, ఒకటి నిగనిగలాడుతోంది
విత్తనం కల్తీ అయి ఉండాలి, లేదా హైబ్రిడ్ పంట నుంచి దాచినదై ఉండాలి. రెండో తరంలో జన్యువులు విడిపోతాయి. కరువు ఓర్పు ఒక్క జన్యువు పని కాదు గనుక మూడు మొక్కలు ఒకలా, ఒకటి ఇంకోలా అనే లెక్క కుదరదు, అన్ని రకాల మొక్కలూ వస్తాయి. హైబ్రిడ్‌కు ఏటా కొత్త విత్తనమే కొనాలి. ఒక మూల మాత్రమే ఎండితే విత్తనాన్ని తిట్టొద్దు, అక్కడ మడి ఎత్తుగా ఉంది.

మడంతా తెల్లారినా విప్పుకోలేదు
జానెడు లోతు మట్టితో నారు పెకిలించి కడగండి. వేర్లు పక్కలకే పరుచుకుంటే జన్యువును అనుమానించాలి. వేరు కిందికి దిగే కోణాన్ని 9వ క్రోమోజోమ్‌లోని డీఆర్ఓ1 జన్యువు దిద్దుతుందని 2013లో తేలింది. ఐఆర్ 64 అనే వరి రకంలో ఆ జన్యువులో ఒక్క డీఎన్ఏ అక్షరం తప్పిపోయి, ప్రోటీన్ పూర్తికాకముందే ఆగిపోతుంది. ఫిలిప్పీన్స్ మెట్టవరి కినందాంగ్ పటోంగ్‌లో అది సరిగా ఉంది. మన ఎంటీయూ 1010 రకం కూడా కృష్ణవేణి, ఐఆర్ 64ల సంకరమే, కాబట్టి ఊహించకుండా పరీక్షించుకోవాలి: కన్నాలు పెద్దగా ఉన్న చిన్న ప్లాస్టిక్ జాలిగిన్నెలో మట్టి నింపి, నడుమ ఒక గింజ వేసి, మట్టి తొట్టిలో పాతండి. మూడు నాలుగు వారాలకు తీస్తే అడుగునుంచి వచ్చిన వేర్లెన్నో, అంచునుంచి వచ్చినవెన్నో లెక్క తెలుస్తుంది. అడుగువి ఎక్కువైతే అది వేరు లోతుకు దిగే రకం.

వేరు కొనలు అడ్డంగా మొండిగా వంగితే మాత్రం కింద గట్టి పొర ఉంది. అది పగలగొట్టందే ఏ జన్యువూ గట్టెక్కించదు.

కొత్త ఆకులు పాలిపోయి తెల్లబడ్డాయి
చాలామంది కరువనుకునేది ఇదే. ఇది ఇనుము లోపం, ఆరిన నేలలో ఇనుము వేరుకు అందే రూపంలో ఉండదు. లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, వారానికి మళ్లీ.

"కరువు రకం" వేసినా నారు వాడింది
డీఆర్ఆర్ ధాన్ 42 లాంటి వాటిని ఎంచింది కరువులో వచ్చే గింజ దిగుబడి చూసి. నారు దశకు అది హామీ కాదు. రెండు రకాలు పోల్చాలంటే ఒకే కుండీలో చెరో ఐదు మొక్కలు వేయాలి. వేర్వేరు కుండీల్లో పెడితే ఏపుగా పెరిగిన మొక్క తన కుండీ నీళ్లు ముందే తాగేసి, ఓర్పు తక్కువదానిలా కనిపిస్తుంది. 14వ రోజు నీళ్లు ఆపి, ఒక రకం తెల్లారి కూడా విప్పుకోని రోజు రాసుకోండి. తర్వాత తడిపి, పదో రోజుకు ఎన్ని కోలుకున్నాయో లెక్కపెట్టండి.