ఇంటి పెద్దల యుద్ధ జ్ఞాపకాలను భద్రపరచడం ఎలా: నవాహో కోడ్ టాకర్ల అనుభవం నేర్పే పద్ధతి

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 మేలో, అమెరికా మెరైన్ దళంలో చేరిన 29 మంది నవాహో (అమెరికా ఆదివాసీ తెగ) యువకులు తమ మాతృభాష ఆధారంగా ఒక రహస్య సంకేత విధానాన్ని రూపొందించారు. యుద్ధం ముగిసేనాటికి ఆ విధానంలో శిక్షణ పొందినవారు దాదాపు 400 మంది, వీళ్లనే కోడ్ టాకర్లు అంటారు. 1945లో జపాన్‌కు చెందిన ఇవో జిమా ద్వీపం మీద దిగిన తొలి రెండు రోజుల్లోనే ఆరుగురు కోడ్ టాకర్లు 800కు పైగా సందేశాలను పొరపాటు లేకుండా అందించారు. అయితే ఆ సంకేతం మళ్లీ అవసరపడవచ్చన్న ఉద్దేశంతో ప్రభుత్వం దాన్ని 1968 వరకు రహస్యంగానే ఉంచడం వల్ల వాళ్లు సొంత ఇంట్లో కూడా నోరు విప్పలేకపోయారు. 2001లో ఆ 29 మందికి అమెరికా కాంగ్రెస్ స్వర్ణ పతకాలు ఇచ్చేసరికి బతికి ఉన్నది ఐదుగురు మాత్రమే. పతకం ఆలస్యమైనా కుటుంబానికి అందుతుంది కానీ, మనిషి చెప్పవలసిన మాట అలా అందదు. సికింద్రాబాద్ చుట్టుపక్కల తిరుమలగిరి, బొల్లారం, సైనిక్‌పురి, యాప్రాల్ ప్రాంతాల్లో 1965, 1971 యుద్ధాలు చూసిన మాజీ సైనికుడు ఇంట్లో ఉన్నవారు ఆయన జ్ఞాపకాలను భద్రపరచే పని వెంటనే మొదలుపెట్టాలి.

మాటల కంటే ముందు కాగితాలు చూడండి. డిశ్చార్జ్ బుక్, పెన్షన్ పత్రాలు, యూనిట్ గ్రూప్ ఫొటోలు, ‘56 ఏపీఓ’ (సైనిక తపాలా కార్యాలయం) అని చిరునామా ఉన్న ఉత్తరాలు తీసి, ఏ సంవత్సరం ఎక్కడ ఉన్నారో ఒక తెల్లకాగితం మీద వరుసగా రాసుకోండి. ఉత్తరంతో పాటు కవరునూ ఉంచాలి, ఎందుకంటే చాలాసార్లు తేదీ తెలిసేది కవరు మీది ముద్రతోనే. తాతగారు నిజాం రాష్ట్ర సేనల్లో పనిచేసి ఉంటే తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాల సంస్థలో కూడా విచారించడం మంచిది. నవాహోలు పోరాడిన ఆ పసిఫిక్ యుద్ధపు తొలి రోజుల్లోనే, 1941 డిసెంబరులో, మలయాలోని కోట బారు విమానాశ్రయం దగ్గర హైదరాబాద్ పదాతి దళం జపాన్ సేనను ఎదుర్కొన్న సంగతి మన ఊళ్లోనే చాలామందికి తెలియదు. హైదరాబాద్ భారతదేశంలో కలిశాక ఆ సేనలు విడిగా మిగలలేదు కనుక, ఆ ఇళ్లలోని ట్రంకు పెట్టెల్లో ఉన్న కాగితాలకు విలువ మరింత ఎక్కువ.

‘యుద్ధం ఎలా ఉండేది?’ అని అడిగితే ‘ఏముంది, డ్యూటీ చేశాం’ అన్న జవాబే వస్తుంది. పనిముట్ల గురించి అడగండి: రేడియో సెట్ ఎవరు మోసేవారు, బ్యాటరీ అయిపోతే ఏం చేసేవారు, వానలో తీగ ఎలా వేసేవారు? కోడ్ టాకర్లు జంటగా పనిచేసేవారనీ, ఒకరు జనరేటర్‌ను చేతితో తిప్పుతుంటే మరొకరు సందేశం పలికేవారనీ మనకు తెలిసింది ఇలాంటి వివరాలు వాళ్లు చెప్పబట్టే. పెద్దాయన తెలుగులో మొదలుపెట్టి, పల్టన్ హిందీలోకి జారి, మధ్యలో దక్కనీ ఉర్దూ కలిపితే అడ్డుపడకండి, రాసేటప్పుడు కూడా ఆయన పలికినట్టే రాయండి. నవాహో పిల్లలు బోర్డింగ్ స్కూళ్లలో తమ భాష మాట్లాడినందుకు శిక్షలు అనుభవించారు, తర్వాత సైన్యానికి పనికొచ్చింది ఆ భాషే. మనవలు సౌకర్యం కోసం సంభాషణను ఇంగ్లీషులోకి మళ్లించడం నాకు ఏమాత్రం నచ్చదు.

రికార్డింగ్‌కు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, చొక్కాకు తగిలించే చిన్న మైకును కలిపితే సరిపోతుంది. ఫ్యాన్ ఆపాలి, అపార్ట్‌మెంట్ బోరు మోటారు నడిచే వేళ తప్పించాలి, వంటింట్లో కుక్కర్ దించాకే కూర్చోవాలి. ఒక్కో విడత గంటకు మించకూడదు. చనిపోయిన సహచరుల ప్రస్తావన వచ్చి ఆయన మౌనం వహిస్తే రికార్డర్‌ను నడవనివ్వండి గానీ, ప్రశ్న మాత్రం వేయకండి. మొదట్లోనే పేరు, ఊరు, దళం, తేదీ ఆయన గొంతుతోనే చెప్పించి, ఈ రికార్డు ఎవరెవరు వినవచ్చో ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం మాజీ సైనికులకూ వర్తిస్తుంది. అందుచేత ఫ్రీక్వెన్సీలు, సంకేతాలు, స్థావరాల రక్షణ ఏర్పాట్ల జోలికి వెళ్లకూడదు, ఆయన ‘అది వద్దు’ అంటే అక్కడితో ఆగాలి.

వస్తువుల విషయంలో మన ఇళ్లలో ప్రేమతోనే నష్టం చేస్తాం. పండగకు ఇత్తడి సామానుతో పాటు పతకాన్నీ చింతపండుతో తోమితే దాని అంచు మీద చెక్కిన నంబరు, పేరు కొద్దికొద్దిగా అరిగిపోతాయి. మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పాత కాగితాలను లామినేషన్ చేయించకూడదు, సెల్లోటేపు అతికించకూడదు. కలరా ఉండలు ఫొటోల పెట్టెలో వేయకండి. వానాకాలపు తేమకు సిలికా జెల్ పొట్లాలు పెట్టి, బయటి గోడకు ఆనని బీరువాలో ఉంచండి. ఫొటో వెనుక బాల్‌పెన్నుతో రాస్తే ఒత్తు ముందు వైపు కనిపిస్తుంది కాబట్టి, మెత్తని పెన్సిల్‌తో అంచున తేలికగా పేర్లు రాయాలి, ఎడమ నుంచి కుడికి, నిలబడినవారు, కూర్చున్నవారు అని వేరుచేసి.

ఫొటోలను కనీసం 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కల) స్పష్టతతో స్కాన్ చేయించండి. ధ్వనిని వీలైతే కుదించని ‘వేవ్’ ఫైలుగా ఉంచండి. వాట్సాప్‌లో పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది కాబట్టి దాన్ని ప్రతిగా లెక్కించకూడదు. మూడు ప్రతులు ఉండాలి: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడి హార్డ్‌డిస్కులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర. ఫైలు పేరులో తేదీ, మనిషి పేరు, దళం ఉండాలి. ఏడాదికొకసారి ప్రతి ఫైలూ తెరుచుకుంటోందో లేదో చూసి, పాతబడిన డిస్కును మార్చి, దాని పాస్‌వర్డ్ ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసేలా చూసుకోవాలి.