వైజాగ్‌లో అద్దెకు దిగేముందు డోర్ నంబరు అడగండి

టూలెట్ బోర్డు చూసి ఇల్లు నచ్చిందా? అడ్వాన్సు మాట ఎత్తకముందే డోర్ నంబరు, ఒక పాత కరెంటు బిల్లు అడగండి. ఇవ్వడానికి నసిగితే ఇంకో ఇల్లు చూసుకోవడం మేలు.

డోర్ నంబరుతో పురపాలక శాఖ సైట్‌లో జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇంటిపన్ను వివరాలు వెతికితే యజమాని పేరు, బకాయి తెలుస్తాయి. ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు మీదా అదే పేరు ఉండాలి. లేకపోతే వెంటనే మోసం అనుకోనక్కర్లేదు. ఇల్లు కొన్నాక మీటరు పేరు మార్పించుకోనివాళ్లు బోలెడుమంది. అలాంటప్పుడు తేల్చేది ఈసీ, అంటే ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. మీసేవలో తీసుకుంటే రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు బయటపడతాయి. అడవివరం, వేపగుంట లాంటి పంచగ్రామాల్లో మాత్రం సింహాచలం దేవస్థానం భూముల వివాదం ఉంది కాబట్టి ఈసీ ఒక్కదాన్నే నమ్ముకోలేం. పన్ను రసీదు, పక్కింటివాళ్ల మాట కూడా కలుపుకోవాలి.

ఈకోర్ట్స్ సైట్‌లో ఓనరు పేరుతో కేసులు వెతకండి. ఇంటిపేరు ముందోసారి, వెనకోసారి పెట్టి, స్పెల్లింగు మార్చి చూడాలి. ఒక్కసారి కొట్టి ఏమీ రాలేదని వదిలేస్తే లాభం లేదు.

ఇంటిపన్ను కడుతున్నారంటే ఇల్లు కట్టడానికి అనుమతి ఉన్నట్టు కాదు. ప్లాన్ లేని అంతస్తుకూ పన్ను వేస్తారు. అప్రూవ్డ్ ప్లాన్ చేత్తో పట్టుకుని అంతస్తులు లెక్కపెట్టండి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారం కట్టారు, నివాసం ఉండొచ్చు అని ఇచ్చే పత్రం) అడగండి. ఎత్తు 18 మీటర్లు దాటితే ఫైర్ ఎన్‌వోసీ (అగ్నిమాపక శాఖ అనుమతి) కూడా ఉండాలి. ఓనరు చూపించకపోతే వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలవండి, లేదా 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి తొందరగా దిగాల్సినవాళ్లకు ఈ దారి పనికిరాదు.

ఇక కట్టడం. ఫ్లాటు లోపల కొత్త రంగు అన్నీ కప్పేస్తుంది, అసలు సంగతి స్టిల్టులో (కింద పిల్లర్ల మధ్య పార్కింగు) కనిపిస్తుంది. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటును లోపలినుంచి నెట్టి పెచ్చులూడగొడుతుంది. బీచ్ దగ్గరి పాత అపార్ట్‌మెంట్లలో ఇది మరీ ఎక్కువ. పిల్లరు మీద నిలువుగా పగులు, స్లాబు కింద చువ్వ దారినే సాగిన గోధుమరంగు మరక ఉన్నాయేమో చూడండి. రూపాయి బిళ్లతో తట్టండి, డొల్ల చప్పుడు వస్తే పైపూత లోపల ఊడినట్టే. అది పిల్లరుకో బీముకో అయితే అద్దె ఎంత తగ్గించినా ఆ ఇల్లు వద్దు.

మీటరు బోర్డులో ఆర్‌సీసీబీ (షాక్ కొట్టేలోపు కరెంటు ఆపేసే స్విచ్చు) ఉంటే టెస్ట్ బటన్ నొక్కండి, స్విచ్చు టక్కున పడిపోవాలి. పడకపోతే దిగేముందే మార్పించాలి. అసలు లేకపోతే పెట్టించమనండి. గెడ్డ (వాగు) పక్కనో కొండవాలులోనో ఇల్లయితే గట్టి వాన పడిన మర్నాడు ఒకసారి వెళ్లి గోడల మీద నీటి గీత ఎంత ఎత్తుందో, వెనక మట్టి జారిందో లేదో చూసుకోండి.

అన్నీ కుదిరాక అడ్వాన్సు నగదుగా కాకుండా, ఈసీలో యజమానిగా ఉన్న మనిషి బ్యాంకు ఖాతాకే వేయండి.