కలుపు మొక్కల హెర్బేరియం ఎలా చేయాలి? ఆరబెట్టడమే అసలు పని

అగ్రికల్చర్ బీఎస్సీలో చేరిన వాళ్లకి ఏదో ఒక సెమిస్టర్‌లో కలుపు మొక్కల హెర్బేరియం చేసే పని పడుతుంది. మొక్కను వేరుతో సహా తెచ్చి, నొక్కి ఆరబెట్టి, తెల్లటి మందపాటి షీటు మీద అంటించి, పేరు రాసి ఇవ్వాలి. వినడానికి చిన్న పనిలా ఉంటుంది కాబట్టి చాలామంది చివరి వారం దాకా వదిలేస్తారు. బెంగళూరులో నా చదువు అయిపోయి ఏళ్లు గడిచినా, మదనపల్లి, హిందూపురం వైపు నుంచి ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన పిల్లలు ఇప్పటికీ యలహంకలోని మా ఇంటికి బూజు పట్టిన కట్టలు పట్టుకుని వస్తుంటారు. "అక్కా, దీన్ని ఏమైనా చేయొచ్చా?" అని అడుగుతారు. బూజు పట్టాక చేయగలిగింది ఏమీ లేదు. అందుకే ముందే చెప్తున్నాను.

కావలసినవి

మొక్కను తవ్వడానికి ఒక కుర్పీ, నాలుగైదు పెద్ద ప్లాస్టిక్ కవర్లు, చిన్న నోట్‌బుక్, పెన్సిల్. పెన్ను వద్దు, తడి తగిలితే అక్షరాలు చెదిరిపోతాయి. షీటు కన్నా కొంచెం పెద్ద ప్లైవుడ్ పలకలు రెండు, వాటిని బిగించడానికి బకిల్ ఉన్న బెల్టులు రెండు. పాత న్యూస్‌పేపర్లు వీలైనన్ని. ఆదివారం వచ్చే నున్నటి రంగుల పేజీలు పక్కన పెట్టేయండి, అవి తడి పీల్చవు. కొరియర్ డబ్బాలు కోస్తే వచ్చే గాడుల అట్టలు పది, పదిహేను. ఆ అట్టలు తప్పనిసరి, ఎందుకో తర్వాత చెప్తాను. హెర్బేరియం షీటు 42 × 29 సెంటీమీటర్ల కొలతది స్టేషనరీ దుకాణంలో దొరుకుతుంది. మొక్కల ప్రెస్ అని కొత్తది కొనక్కర్లేదు.

సేకరించడం

బెంగళూరు చుట్టుపక్కల రాగి జూలైలో ఎక్కువగా వేస్తారు. ఆగస్టు, సెప్టెంబరులో పొలాల్లో కలుపు పూత మీద ఉంటుంది. పూత లేని మొక్కను తీసుకోవద్దు, పేరు తేల్చలేరు. మంచు ఆరాక, ఉదయం తొమ్మిది, పది మధ్య వెళ్లండి. వెన్నదేవికూర నీలి పువ్వు మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది.

దేవనహళ్లి, దొడ్డబళ్లాపుర వైపు రాగి పొలాలు బాగుంటాయి. రైతుని అడిగి దిగండి. కలుపు పీక్కుంటామంటే ఎవరూ కాదనరు. చింతామణి, బాగేపల్లి దాకా పోతే చాలామంది తెలుగే మాట్లాడతారు కాబట్టి మొక్క పేరు అక్కడే అడిగి రాసుకోవచ్చు. గరికను కన్నడంలో గరికె అంటారు, ఉత్తరేణి ఉత్తరాణి అవుతుంది, అత్తిపత్తి మాత్రం ముట్టిదరె ముని. రెండు పేర్లూ రాసుకోండి.

ఒక్క హెచ్చరిక. కాలేజీ ఫార్మ్‌లో కలుపు మందుల ట్రయల్ ప్లాట్లలోకి అడుగు పెట్టొద్దు. అక్కడ చదరపు ఫ్రేమ్ వేసి ఎన్ని మొక్కలున్నాయో లెక్క పెడతారు. మీరు పీకిన ఒక్క తుంగ ఒక సీనియర్ థీసిస్ లెక్కను పాడు చేస్తుంది.

తుంగను గడ్డతో సహా తవ్వాలి, లాగితే గడ్డ మట్టిలోనే ఉండిపోతుంది. వయ్యారిభామను చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, కొందరికి చర్మం దద్దుర్లు తేలి నెలల తరబడి పోదు. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1955లో, పుణెలో. దాని ఆకులు తినే మెక్సికో పెంకుపురుగు జైగోగ్రామాను తెప్పించి 1984లో వదిలింది మాత్రం ఇక్కడే, బెంగళూరులో. మీరు తెచ్చిన వయ్యారిభామ ఆకుల నిండా చిల్లులుంటే అది ఆ పురుగు పని కావచ్చు. దాన్ని పారేసి నిండు ఆకుల మొక్క కోసం వెతక్కండి. చిల్లులున్నదే అంటించి, ఆ విషయం లేబుల్‌లో రాయండి.

ఎన్ని అడిగారో దానికి ఒకటిన్నర రెట్లు తెచ్చుకోండి. కొన్ని పోతాయి.

నొక్కి ఆరబెట్టడం

హెర్బేరియం అంటే ఇదే. మిగతా పనులన్నీ ఒక పూటలో అయిపోతాయి. ఇది మాత్రం రోజులు తీసుకుంటుంది, ఆ రోజుల్లో మొదటి రెండు చాలా ముఖ్యం.

తెచ్చిన రోజే నొక్కాలి. రేపు చూద్దాంలే అంటే కవర్లో ఆకులు వేడెక్కి మెత్తబడతాయి. వేరు మట్టిని నీళ్లలో కడిగి, గుడ్డతో తడి అద్దండి. ఒక న్యూస్‌పేపర్ మడతలో మొక్కను పరచండి. పొడుగ్గా ఉంటే విరగ్గొట్టకుండా V ఆకారంలోనో N ఆకారంలోనో వంచండి. ఒకటి రెండు ఆకులు తిరగేసి ఉంచండి, వెనకవైపు కూడా కనబడాలి. ఆ మడతకు కింద నాలుగు, పైన నాలుగు న్యూస్‌పేపర్లు, ఆ పైన ఒక గాడుల అట్ట. మళ్లీ ఇంకో మొక్క. ఇలా పేర్చి, పలకల మధ్య పెట్టి, మోకాలితో అదిమి బెల్టు బిగించండి.

ఇప్పుడు చాలామంది చేసే తప్పు. బిగించిన కట్టను మంచం కింద తోసి, పది రోజుల తర్వాత తీస్తారు. బెంగళూరు వానల్లో, హాస్టల్ గదిలో, అది ఆరదు. మొక్కలోని నీళ్లు కాగితంలోకి వస్తాయి. కాగితం మార్చకపోతే అవి అక్కడే ఉండి బూజు పడుతుంది. నాకూ జరిగింది. వినాయక చవితికి నాలుగు రోజులు ఊరికి వెళ్లాను, పొద్దున వెళ్తూ కట్ట బిగించి పెట్టాను. ఇంట్లో పూజకు తెచ్చిన ఇరవై ఒక్క రకాల పత్రిలో గరిక, ఉత్తరేణి చూసి, ఇవి రెండూ నా హెర్బేరియంలో ఉన్నాయని అమ్మకు గొప్పగా చెప్పాను. తిరిగొచ్చి బెల్టు విప్పగానే తడి గోనెసంచి వాసన వచ్చింది. తుంగ గడ్డల మీద తెల్లటి నూగు, ఉత్తరేణి కణుపుల దగ్గర నల్లటి చుక్కలు. నలభై మొక్కల్లో పదకొండు మిగిలాయి.

కాబట్టి మొదటిసారి కాగితం మార్చాల్సింది అదే రోజు రాత్రి. ఉదయం నొక్కారంటే రాత్రి భోజనం అయ్యాక విప్పండి. పైకాగితం మీద మొక్క ఆకారంలోనే తడి మచ్చ కనబడుతుంది, వేరు దగ్గర ముదురుగా, కొసకు పోయేకొద్దీ పలచగా. మొక్క ఎంత నీరు వదిలిందో ఆ మచ్చే చెప్తుంది. మడత తెరిచి చూస్తే ఆకులు బిగువు పోయి, తడి గుడ్డలా మెత్తగా ఉంటాయి. సరిగ్గా ఇప్పుడే వాటిని సర్దాలి. పొద్దున మొండికేసిన ఆకు ఇప్పుడు పెయింట్ బ్రష్ మొనతో తోస్తే చెప్పినట్టు పడుకుంటుంది. మడత పడ్డ ఆకు విప్పండి, ఒకదాని మీద ఒకటి పడ్డవి జరపండి. అత్తిపత్తి పీకగానే ఆకులు ముడుచుకుంటుంది కదా, దాని చిట్టి ఆకులను కూడా ఇప్పుడు సూదితో ఒక్కొక్కటిగా తెరవొచ్చు. మర్నాడు సాయంత్రానికల్లా ఆకులు బిర్రుగా అయిపోతాయి, తర్వాత సర్దబోతే విరుగుతాయి. నా లెక్కలో మంచి హెర్బేరియం, చెడ్డ హెర్బేరియం అన్నది ఈ ఒక్క రాత్రి తేలిపోతుంది.

ఆ తర్వాత రెండో రోజు ఉదయం, సాయంత్రం కాగితాలు మార్చండి. మూడో రోజు నుంచి రోజుకొకసారి, ఆరో రోజు నుంచి రోజు విడిచి రోజు. మొక్క ఉన్న మడతను రెండో రోజు తర్వాత కదపొద్దు, దాని చుట్టూ ఉన్న కాగితాలు మాత్రం మార్చండి. తీసిన కాగితాలు ఫ్యాను కింద ఆరితే మళ్లీ వాడుకోవచ్చు. మా అనంతపురం ఎండల్లో అయిదు రోజుల్లో ఆరేది ఇక్కడ వానల్లో పది, పన్నెండు రోజులు పడుతుంది. తొందరపడి ప్రయోజనం లేదు.

గాడుల అట్టలు ఎందుకన్నానో చూడండి. కట్టను పడుకోబెట్టకుండా నిలబెట్టి, గాడుల చివరలు టేబుల్ ఫ్యానుకు ఎదురుగా ఉండేట్టు పెట్టండి. గాలి ఒకవైపు నుంచి దూరి ఇంకోవైపు వస్తుంది, తడి బయటికి పోతుంది. గాడులు పొట్టి వైపుకు సాగేలా అట్ట కోసుకుంటే గాలికి దారి తక్కువ, త్వరగా ఆరుతుంది. ఎండలో పెట్టేవాళ్లున్నారు. నేను పెట్టను. ఇక్కడ ఎండ ఎప్పుడు పోయి చినుకు పడుతుందో తెలియదు, కట్ట తడిస్తే అంతా మొదటికొస్తుంది.

ఇక ఇస్త్రీ సంగతి. "అక్కా, కాగితం మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే ఒక్క రోజులో అయిపోతుంది కదా, అందరూ అలాగే చేస్తున్నారు" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. ఇస్త్రీ చేస్తే ఆకు ఉడుకుతుంది, ఆకుపచ్చ పోయి గోధుమరంగు వస్తుంది. పలచటి ఆకు పెళపెళలాడుతుంది, లావు కాడలో మాత్రం తడి అలాగే ఉంటుంది. షీటు మీద అంటించిన మూడో రోజున ఆ కాడ కణుపు దగ్గర బూజు మొదలవుతుంది. చూడ్డానికి ఆరినట్టుండి ఆరకపోవడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే దాన్ని మంచివాటితో కలిపి పెట్టేస్తారు.

కొన్ని మొక్కలకు వేరే దారి ఉంది. పావిలి కూర ఆకూ కాడా నీళ్లే. మామూలుగా నొక్కితే అది చావదు. వెన్నదేవికూర కూడా అంతే. ఒకసారి ఆరో రోజున మడత విప్పితే, కాగితాల చీకట్లో దాని కొసన పాలిపోయిన లేత ఆకు ఒకటి కొత్తగా వచ్చి ఉంది. ఆరుతోందని మనం అనుకుంటుంటే అది పెరుగుతోంది! ఇలాంటివాటిని నొక్కే ముందు మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి తీయండి, పువ్వు మాత్రం నీళ్ల బయట ఉంచండి. తర్వాత గుడ్డతో అద్ది నొక్కితే మామూలు మొక్కలా ఆరుతుంది. చెరువుల్లోని గుర్రపు డెక్క అయితే ఉబ్బిన కాడను బ్లేడుతో నిలువుగా చీల్చి, ఒక సగమే నొక్కాలి. దాని కాగితాలు మొదటి రోజే మూడుసార్లు మార్చాలి.

ఆరిందా లేదా అని చేత్తో తడిమి చెప్పలేరు. కాడను చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది. తర్వాత మొదలు పట్టుకుని అడ్డంగా ఎత్తండి. కొస వాలితే ఆరలేదు, అట్టముక్కలా నిటారుగా నిలబడితే ఆరింది. రెండు పరీక్షలూ నెగ్గినదాన్నే షీటు మీదికి తీసుకోండి.

అంటించడం, లేబుల్

ఫెవికాల్‌లో సగం నీళ్లు కలిపి, మొక్క వెనక బ్రష్‌తో పలచగా రాసి అంటించండి. లావు కాడలను తెల్లదారంతో రెండుచోట్ల కుట్టండి. సెల్లోటేపు వద్దే వద్దు, పసుపు రంగుకు తిరిగి ఊడిపోతుంది, ఊడేటప్పుడు ఆకును కూడా పట్టుకుపోతుంది. రాలిన గింజలను చిన్న కాగితపు పొట్లంలో వేసి షీటు మీదే అంటించండి.

లేబుల్ కుడివైపు కింది మూలన. శాస్త్రీయ నామం, కుటుంబం, తెలుగు, కన్నడ పేర్లు, ఏ పంటలో దొరికింది, ఊరు, తేదీ, సేకరించినవారి పేరు. చేత్తో రాస్తే జాతి, ప్రజాతి పేర్ల కింద విడివిడిగా గీత గీయాలి. పువ్వు రంగు తప్పకుండా రాయండి, ఆరాక అది ఉండదు.

పేరు తేల్చడం ఫోన్‌కి వదిలేయొద్దు. రాగి పొలంలో ఎల్యూసిన్ ఇండికా అనే గడ్డి ఉంటుంది, అది రాగికి దగ్గరి చుట్టం. లేతగా ఉన్నప్పుడు కలుపు తీసేవాళ్లే పొరబడతారు, ఫోటో యాప్ పొరబడదా? ఊదగడ్డినీ వరినీ వేరు చేసేది ఆకు, కాడను చుట్టి ఉండే దాని తొడుగు కలిసేచోట ఉండే చిన్న పొర. వరికి ఉంటుంది, ఊదకు ఉండదు. అది చూడాలంటే లెన్సు పెట్టి మొక్కనే చూడాలి. మొక్క చేతిలో ఉన్నప్పుడే ఇది చేయండి.

పాత ప్రాక్టికల్ మాన్యువల్స్‌లో మొక్కలను మెర్క్యూరిక్ క్లోరైడ్‌లో ముంచమని ఉంటుంది. అది పాదరసపు విషం, దాని జోలికి పోవద్దు. ఎండిన మొక్కల్ని తినేది ముఖ్యంగా సిగరెట్ బీటిల్ అనే చిన్న పురుగు. షీట్లను ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా కట్టి, డిపార్ట్‌మెంట్‌లో మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్ ఉంటే అడిగి ఒక వారం పెట్టండి. తీశాక కవర్ వెంటనే విప్పకండి, గది వేడికి వచ్చేదాకా ఆగండి, లేకపోతే షీట్ల మీద చెమ్మ పడుతుంది.

ఇవ్వడానికి తీసుకెళ్లే రోజు షీట్లను చుట్టకండి, రెండు పలకల మధ్యే పెట్టి కట్టుకోండి. బస్సులో అయితే ఒడిలో పడుకోబెట్టుకుని కూర్చోండి, పైన సామాన్ల అర మీద పెట్టొద్దు.